స్టీలు గ్లాసులో కాఫీ

ఎమ్మే సైకాలజీలో నాకన్నా తక్కువ మార్కులు తెచ్చుకున్న స్నేహితురాలు ఇప్పుడు పోలీసుల దగ్గర ఫోరెన్సిక్ సైకాలజిస్టు. నేనేమో రాజమండ్రిలో గృహిణిని. మా ఊళ్ళో ఒంటరిగా ఉండే ముగ్గురు ఆడవాళ్ళను చంపినవాడు ఎలాంటివాడై ఉంటాడో అంచనా వేయడానికి వచ్చి, మా ఇంట్లో భోంచేసింది.

"వాడెవడో కొత్తవాడేనే. మూడిళ్ళలోనూ మర్యాదగా కాఫీ ఇచ్చారు," అంది.

"దేంట్లో ఇచ్చారే?"

"స్టీలు గ్లాసులో."

"ఏం చదివావే నువ్వు? కొత్తవాళ్ళకైతే కప్పూ సాసరూ తీస్తాం. స్టీలు గ్లాసంటే ఇంటికి అలవాటైనవాడే!"

వెంటనే నోట్‌బుక్కు తీసి రాసుకుంది.

వారం తిరక్కుండా పేపర్లో ఆమె ఫొటో. హంతకుడు తెలిసినవాడేనని కాఫీ గ్లాసును బట్టి పసిగట్టిందట. నా ఊసే లేదు.

"మీ ఫ్రెండుది మామూలు బుర్ర కాదోయ్!" అన్నారు మావారు.

ఆ రోజు నుంచీ ఆయనకు కాఫీ కప్పూ సాసరులోనే ఇస్తున్నాను.