నక్షా సార్ పలక మీది పసుపు చుక్క

"నక్షా సార్ పోయిండ్రట అక్కా" అన్నాడు తమ్ముడు, నేను మెదక్‌లో బస్సు దిగీ దిగగానే. ఆ పూట నాకు అన్నం సయించలేదు. సార్‌ను చూడ్డానికి రేపు పోదాం, ఎల్లుండి పోదాం అంటూ ఆరేళ్లు గడిపేశాను. నా బద్ధకం మీద నాకే కోపం వచ్చింది.

ఆయన మాకు హైస్కూల్లో చరిత్ర చెప్పారు. ఉర్దూలో చదువుకున్న మనిషి, మా కోసం తెలుగులో పాఠం చెప్పడం నేర్చుకున్నారు. పెద్ద నల్లచెక్క మీద తెల్లరంగుతో ప్రపంచపటం గీసి పెట్టుకున్నారు. నక్షా అంటే పటం, అందుకే నక్షా సార్. ఇంగ్లీషువాళ్లు ఏలిన ఈజిప్టుకు ఎర్ర సుద్ద, ఫ్రెంచివాళ్లు ఏలిన అల్జీరియాకు నీలం, డచ్చివాళ్లు ఏలిన జావాకు ఆకుపచ్చ. ఒక్కో దేశం విడుదలైన కథ చెప్పిన రోజు, మాలో దానికి రంగు వేసినవాళ్లే తడిగుడ్డతో తుడవాలి. అల్జీరియాను నేనే తుడిచాను.

ఆ ముస్లిం దేశాలు మతం వల్ల వెనుకబడ్డాయి కాబట్టి పరాయిపాలనలోకి పోయాయని పుస్తకంలో ఉండేది. సార్ నవ్వేవారు. "గిది ఏలినోడు రాసిండా, ఏలబడ్డోడు రాసిండా? జర అడుగుండ్రి. ఉత్త మతం చూస్తే వాళ్లు సమజ్ కారు. వాళ్ల పత్తి ఎవడు కొంటవోయిండో చూడుండ్రి."

ఒకరోజు నేను ఊరుకోలేక అడిగేశాను. "సార్, నిజాం కాలంల మా తాత హవేలిఘనపూర్ల వెట్టి చేసిండు. గదానికి ఏ రంగు?"

సార్ సుద్ద బల్ల మీద పెట్టి బయటికి వెళ్లిపోయారు. ఆయన మనసు నొప్పించానని ఇల్లు చేరేదాకా ఏడ్చాను.

మర్నాడు నా చేతిలో పసుపు సుద్ద పెట్టారు. "పరాయోడు ఏలితెనే రంగు కాదు బేటీ, మనోడు తొక్కినా రంగే. మా అబ్బా, అంటే మా నాయిన, తహసీల్ కచేరిల మున్షీ. మీ తాతను వెట్టికి పిలిచిన చిట్టీ ఆయననే రాసిండు కావొచ్చు." మెదక్ ఉన్నచోట జొన్నగింజంత చుక్క పెట్టాను. దాన్ని తుడవనే లేదు. పరీక్షలు, పెళ్లి, శివ్వంపేట కాపురం వచ్చిపడ్డాయి.

మొన్న వాళ్లింటికి వెళ్లాను. ఆ నల్లచెక్క ఇంకా గోడకు ఆనించి ఉంది. రంగులన్నీ పోయాయి, ఆ పసుపు చుక్క తప్ప.

"దుమ్ము దులుపుతానంటే గక్కడ ముట్టనియ్యకపోయిండ్రు బిడ్డా" అన్నారు సార్ భార్య. "'రంగేసిన పిల్లనే వచ్చి తుడ్వాలె' అనేటోళ్లు. తలుపు చప్పుడైతే నువ్వే అనుకునేటోళ్లు."

మీ మీద నాకేం కోపం లేదు సార్ అని ఒక్కసారి వచ్చి చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

కొంగు తడిపి తుడిచాను. చెక్క కాసేపు తడిగా మెరిసింది. కొంగు చివర ఆ పసుపు ఇంకా అలాగే ఉంది.