ఎవరి పాలు

నాంపల్లి బడిలో పెట్టిన వరద శిబిరంలో లక్ష్మీనర్సమ్మ దేన్నీ నమ్మదు. పంచిన దుప్పటిని వాసన చూస్తుంది, నీళ్ల ప్యాకెట్టును వెలుతురుకు ఎత్తి చూస్తుంది. కోడలు జ్వరంతో దవాఖానలో చేరాక నెల రోజుల మనవరాలు ఆమె ఒళ్లోనే ఉంటోంది. ఇవాళ నర్సు స్వర్ణ దానంగా వచ్చిన తల్లిపాల సీసా తెచ్చి ఆమె చేతికిచ్చింది.

"ఎవరి పాలివి? ఏ కులపోళ్లయి?"

"పేర్లు చెప్పరమ్మా. అబిడ్స్‌ల ఎవరో బాలింత ఇచ్చింది. పరీక్ష చేసిన్రు. వద్దంటే పారబోస్త," అని స్వర్ణ విసుగ్గా చెయ్యి చాపింది.

లక్ష్మీనర్సమ్మ సీసాను చటుక్కున కొంగుచాటుకు లాక్కుంది. "పారబోస్తవా? చనుబాలు కాళ్ల కింద పడితే ఆ తల్లికి పాలు ఎండిపోతయ్!"

గుక్కపెట్టి ఏడుస్తున్న పిల్లకు చెంచాతో పట్టింది. పిల్ల గుటకలేస్తుంటే మళ్లీ అనుమానంగా కళ్లెత్తింది.

"జర నిజం చెప్పు. గామె తన బిడ్డకు తాపినంకనే ఇచ్చిందా?"