గాజులకు గుడ్ హెవెన్స్

ఈ రోజు మా అక్క కూతురు సరళకు పెళ్లి గాజులు వేయించడానికి హుస్సేనీ ఆలం నుంచి లాడ్ బజార్‌కి నడిచి వెళ్లాం. పెళ్లికొడుకు ఇంగ్లీషు చదువులవాడు. అందుకని ఈ పిల్ల ఉలిక్కిపడటం కూడా ఇంగ్లీషులోనే నేర్చుకుంటోంది. బల్లి కనిపిస్తే ‘మై గుడ్‌నెస్’, పాలు పొంగితే ‘గుడ్ హెవెన్స్’. ‘అమ్మో’ అనకూడదని ఒట్టు పెట్టుకుంది.

పెళ్లి గాజులు వదులుగా ఉండకూడదు కదా, గాజులాయన బిగుతువే తీశాడు. ముందు నా చేతికి ఎక్కించబోయాడు. "అమ్మో!" అని అరిచాను. చెయ్యి బిగుసుకుంది, గాజు చిట్లింది.

తర్వాత సరళ చెయ్యి పట్టుకుని నొక్కాడు. దాని ముఖం ఎర్రబడింది, నోరు తెరుచుకుంది, మాట మాత్రం రాలేదు. పైకప్పు వైపు చూస్తూ తగిన మాట కోసం వెతుక్కుంటోంది. ఆ ధ్యాసలో చెయ్యి మెత్తబడి గాజులన్నీ ఇట్టే ఎక్కేశాయి. అప్పుడు తీరిగ్గా "గుడ్ హెవెన్స్!" అంది.

"శభాష్ బేటీ! లొల్లి చెయ్యకుండ ఎట్ల ఏస్కున్నవ్?" అన్నాడాయన.

"ఇంగ్లీషుల ఏమనాల్నో జల్ది యాదికి రాలే, చాచా."

ఆయన ఇంకో గాజు తీసి నా వైపు తిరిగాడు. "అక్కా, నువ్వు గూడ జర ఇంగ్లీషుల సోంచాయించు."

వెతుక్కోవడానికైనా నాలుగు మాటలు వచ్చి ఉండాలి కదా! రెండోదీ చిట్లింది.

ఎంత వెతికినా ఓ పట్టాన గుర్తురాని ఇంగ్లీషు మాట ఒకటి ఎవరైనా నాకు నేర్పండి. పెళ్లి దగ్గర పడింది, నా చేతులింకా బోసిగానే ఉన్నాయి.