పెద్దల్లుడి నల్లగౌను

మొన్న మా మనవరాలు నల్లగౌనొకటి చేతిమీద వేసుకుని ఇంట్లోకి వచ్చింది. వకీలుగా పేరు నమోదై ఏడాది తిరక్కముందే, వకీళ్ల మీద వచ్చే ఫిర్యాదులు వినే కమిటీలో జీతం బత్తెం లేకుండా పనిచేస్తానని ముందుకొచ్చిందట, అందుకని వాళ్ల పెద్దమ్మమ్మను అడిగి, చనిపోయిన పెద్దతాతయ్య గౌను తెచ్చుకుందట. నెల్లూరు కోర్టులో నేనూ జీవితమంతా వాదించినవాణ్ణే, నా గౌనూ బీరువాలో వేలాడుతూనే ఉంది, దాన్ని ఈ పిల్ల ఏనాడూ అడిగిన పాపాన పోలేదు. ఒళ్లు మండిపోయింది. నా ఈడువాళ్ల దగ్గర దాపరికమెందుకు, అసూయే!

ఆ పెద్దతాతయ్య నా తోడల్లుడు. మామగారు పేరున్న వకీలు కావడంతో అల్లుళ్లిద్దరం ఆయన దగ్గరే జూనియర్లుగా చేరి, కేసు కట్టలు మోసి, తిట్లు తిని పని నేర్చుకున్నాం. పెద్దల్లుడు గనక కొరమీను పులుసు చేసినప్పుడల్లా అత్తగారు తలకాయ ఆయన విస్తట్లోనే వేసేది, నాకు నడుముముక్క. నవ్వకండి, తోడల్లుళ్ల మధ్య కుళ్లు పుట్టేది ఇలాంటిచోటే. అది చాలదన్నట్టు, శనివారం సాయంత్రాలు కోర్టు వరండాలో బల్ల వేసుకుని, వకీళ్ల చేతిలో దెబ్బతిన్న జనం గోడు వినడానికి ఎవరొస్తారని వకీళ్ల సంఘంవాళ్లు అడిగినప్పుడు, నేను ఆలోచించుకుని చెయ్యెత్తేలోపల ఆయన లేచి నిలబడ్డాడు. ఇక ఊళ్లో ఎక్కడ చూసినా ఆయన ధర్మాత్ముడే, నేను ఆయన తోడల్లుణ్ణే.

ఒక శనివారం చిట్టమూరు వైపు నుంచి చేపలు పట్టుకుని బతికే ఒకామె వచ్చింది. పడవలు నిలుపుకునే రేవు గురించి వాళ్లకూ ఒక రొయ్యల గుంటల ఆసామికీ తగాదా. ఆమె మొదట మా మామగారి దగ్గరకే వచ్చి సంగతంతా చెప్పుకుంది, కొన్నాళ్లకు ఆ ఆసామీ వచ్చి బతిమాలితే మామగారు అతని తరఫున వకాల్తా వేశారు. ఆశపడి కాదు. ఊళ్ల తగువులెన్నో ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి రాజీ చేసిన మనిషి, ఇద్దరి మాటా తెలిసినవాడైతేనే తగువు తొందరగా తెగుతుందని నిజంగానే నమ్మారు. ఆమె మాత్రం బల్ల ముందు నిలబడి, "మా గుట్టంతా విన్న అయ్య అవతలోడి పక్కన నిలబడినాడు. ఇంక మేం యాడికి పోవాల?" అని అడిగింది. అక్కడే ఉన్న మామగారు, ఆమె ఏదో సలహా అడిగి పోయిందే గాని తన క్లయింటు కాదని కొట్టిపారేశారు.

సొంత మామ సంగతి తాను తేల్చకూడదు గనక తోడల్లుడు బల్ల దగ్గర నుంచి లేచాడు. అమ్మయ్య, ఇంటి పరువు దక్కిందనుకున్నాం. ఆయన నేరుగా వచ్చి ఆమె పక్కన నిలబడి, "ఈమె చెప్పేది నిజం. కేసంతా చెప్పుకున్నప్పుడు నేను పక్కనే కూర్చోని విన్నాను" అన్నాడు. ఆమె మామగారికి చెప్పుకున్న రోజు నేనూ ఆ గదిలోనే ఉన్నాను. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది కూడా, మళ్లీ ఆయనే ముందు!

మామగారు వకాల్తా వదులుకున్నారు, పెద్దల్లుడితో మాటలూ వదులుకున్నారు. ఆ తర్వాతి ఆదివారం భోజనాల్లో కొరమీను తలకాయ నా విస్తట్లో పడింది. తోడల్లుడు తలవంచుకుని చారన్నం తింటుంటే, నేను ఎముక ఎముకా జుర్రుకుంటూ తిన్నాను. ఎన్నో ఏళ్లు అలాగే సాగింది. చివరికి మంచంపట్టిన మామగారు ఇద్దరినీ పిలిచి, తన గౌను తీయించి, "నువ్వు తొడుక్కో నాయనా" అని పెద్దల్లుడి చేతిలో పెట్టారు. నా వైపు చూడనైనా చూడలేదు.

ఇప్పుడు ఫిర్యాదులన్నీ ఫోన్లలోనే వస్తాయట, వరండాలో బల్లా లేదు, దాని ముందు నిలబడి మొహం మీద అడిగే మనిషీ లేదు. మామగారిచ్చిన ఆ గౌను తనకు పొడుగైందని, తొడుక్కుంటే అంచు ఎక్కడిదాకా రావాలో చూస్తానని మనవరాలు దాన్ని నాకు తొడిగింది. భుజాల దగ్గర కూడా సరిగ్గా సరిపోయింది. "తాతా, నీకే కుట్టినట్టుందే!" అని చప్పట్లు కొట్టింది. విప్పి ఇచ్చేశాను.

మామగారు లేరు, తోడల్లుడూ లేడు. కొరమీను వండితే ఇంట్లో ఇప్పుడు తలకాయ నాకే వేస్తారు, పోటీకి వచ్చేవాళ్లు ఎవరూ లేరు.