మా బావ వెనక్కి పంపిన లోడు

మా బావ తాపీమేస్త్రి. నాది ఇసుక ట్రాక్టరు. ఇలాంటి చుట్టరికం పగవాడికి కూడా వద్దు.

నేను లోడు దించబోయేసరికి ఆయన సంచిలోంచి ఒక గాజు గ్లాసు తీస్తాడు. అందులో సగానికి ఇసుక వేసి, నీళ్ళు పోసి, అరచేత్తో మూసి గిలక్కొట్టి గోడ మీద పెడతాడు. కాసేపటికి ఇసుక అడుక్కి దిగుతుంది. దాని మీద మట్టి పొరగా పేరుకుంటుంది. ఆ పొర కాస్త మందంగా కనిపించిందా, నా పని అయిపోయినట్టే. ఇంటివాళ్ళనీ, కూలీలనీ, దారినపోయేవాళ్ళనీ పిలిచి మరీ గ్లాసు చూపిస్తాడు.

"ఇది ఇసుకా, బురదగుంటా? అడుసు తొక్కనేల, కాలు కడగనేల? తీసుకుపోరా బామ్మర్దీ, లోడు వెనక్కి!"

సొంత బామ్మర్దినన్న జాలి లేదు సరికదా, బామ్మర్దినని ఓ గరిటె ఎక్కువే వడ్డిస్తాడు. నిజం చెప్పొద్దూ, ఆయన కట్టిన గోడకి ఇరవై ఏళ్ళైనా బీట పడలేదు. అదీ ఆ పొగరు. ఏ విషయంలోనైనా "నాకు తెలీదు" అన్న మాట ఆయన నోట నేను వినలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. నాలుగోది చూపిస్తే, అది తోక అంటాడు.

ఊరందరికీ ఇళ్ళు కట్టిన ఈ మహానుభావుడు తను మాత్రం అద్దె ఇళ్ళలోనే గడిపాడు. ఏడు ఇళ్ళు మారారు. ఏడుసార్లూ సామాను మోసింది నా ట్రాక్టరే. మంచాలూ బీరువాలూ ఒక ఎత్తు, మా అక్క నిమ్మచెట్టు ఒక ఎత్తు. పాత పెయింటు డబ్బాలో పెంచుకున్న చెట్టు. ఎక్కించి దించేటప్పుడు దాని ముల్లు గుచ్చుకోని చోటు నా ఒంటి మీద లేదు. పోనీ ఇంత సేవకి ఒక్క కాయ కాసిందా? లేదు.

"డబ్బాలో ఏం కాస్తుందిరా, పాపం! సొంత నేల తగలనీ, అప్పుడు చూడు," అనేది అక్క. ఇంట్లో మిగిలిన టీపొడి, కూరగాయల తొక్కలు, బియ్యం కడిగిన నీళ్ళు అన్నీ దానికే. నాకు మాత్రం ఒట్టి టీ.

చివరికి ఊరి చివర నాలుగు సెంట్లు కొని బావ రెండు గదులు వేశాడు. చౌకగా ఎందుకొచ్చిందంటే, ఆ నేలంతా ఇసుకే. గడ్డి కూడా మొహమాటానికి మొలిచినట్టుండేది. బావ గుప్పెడు తీసి నలిపి, చెయ్యి విప్పి చూపించాడు. అరచేతికి మరక లేదు.

"చూశావా, కడిగిన ముత్యం! ఇలాంటి ఇసుక నీ జన్మలో తెచ్చావట్రా?"

ఇంట్లో దిగిన రోజే అక్క డబ్బా కోయించింది. "కాస్త మట్టీ, ఎరువూ కలిపి పాతుదామయ్యా," అంది.

"మట్టా? నా ఇంట్లోనా?" అన్నాడు బావ, ఎవరో తిట్టినట్టు.

ఇక మొదలెట్టాడు. మూలమట్టం పెట్టి నలుచదరంగా గొయ్యి తవ్వాడు. తీసిన ఇసుకని జల్లెడ పట్టి, అందులో ఉన్న కాసిని ఆకులూ వేళ్ళూ కూడా ఏరి పారేశాడు. అంతటితో ఆగాడా? చెట్టు వేళ్ళకి అంటుకుని వచ్చిన నల్లమట్టిని, అక్క ఇన్నేళ్ళు పోగుచేసిన మట్టిని, చెత్త అని దులిపేశాడు. గొయ్యి పూడ్చి, దిమ్మిసతో కొట్టి, తాపీతో నున్నగా తీసి, పైన రసమట్టం పెట్టి చూసుకున్నాడు. చెట్టు నిటారుగా ఉందో లేదో తూకంగుండు వేలాడదీశాడు. కొత్త గోడని తడిపినట్టు రోజుకి మూడు పూటలా నీళ్ళు కొట్టాడు. "క్యూరింగ్ బాగా జరగాలి," అన్నాడు. ఇసుక ఆ నీళ్ళని గుటుక్కున మింగి, ఇంకా ఏవన్నా ఉన్నాయా అన్నట్టు చూసేది.

పది రోజులకి ఆకులు పసుపెక్కాయి. ఇరవై రోజులకి రాలడం మొదలైంది.

"పునాది బ్రహ్మాండంగా ఉంది. చెట్టే నాసి రకం," అని తేల్చేశాడు బావ. ఆ నేలలో సారం లేదు బావా అని నేనూ చెప్పాను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా, బామ్మర్ది మాట ఎవరు వింటారు!

ఓ మధ్యాహ్నం మేం అన్నం తింటున్నాం. అక్క రాలిన ఆకులు చేటలోకి ఎత్తి తెచ్చి బావ ముందు పెట్టింది. అరవలేదు, ఏడవలేదు.

"ఏడు అద్దె ఇళ్ళల్లో బతికిందయ్యా ఇది. నీ సొంతింట్లో చచ్చిపోతోంది," అంది.

బావ చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. సగం తిన్న కంచంలోనే చెయ్యి కడిగేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆయన్ని అలా చూడటం నాకే కష్టంగా అనిపించింది.

మర్నాడు పొద్దున్నే నా ట్రాక్టరు దగ్గరికొచ్చి, టైర్లని కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

"ఒరే... మొన్న నేను వెనక్కి పంపిన లోడు ఉందా?"

"ఏది? బురదగుంటా?"

"అదే. ఉంటే ఓ ట్రక్కు ఇంటికి తోలు. కాలవ పూడిక మట్టి ఉంటే అదీ వెయ్యి. పైన టార్పాలిన్ కప్పు."

"మరి గ్లాసేది బావా? పరీక్ష చెయ్యకుండా మేం సరుకు దించం," అన్నాను. ఇన్నేళ్ళ కసి మరి, ఊరికే పోతుందా! పాపం, సంచిలోంచి గ్లాసు తీసి తనే గిలక్కొట్టాడు. సగం గ్లాసు మట్టే. మా బావ మట్టిని చూసి సంతోషించడం నేను చూడటం అదే మొదటిసారి.

టార్పాలిన్ కప్పలేదు నేను. హారన్ కొట్టుకుంటూ వీధంతా తెలిసేలా వెళ్ళాను. నల్లగా లోడు కుమ్మరిస్తుండగా, మొన్న ఏ ఇంటి ముందు దాన్ని వెనక్కి పంపాడో ఆ ఇంటి యజమాని, బ్యాంకు ఆఫీసరు, స్కూటరు మీద వచ్చి ఆగాడు.

"ఇదేంటి మేస్త్రీ? ఇది మా ఇంటికి పనికిరాదన్న లోడు కదూ? నా మేడ మీద ఇంకో అంతస్తు పని మీకే ఇద్దామనుకుంటుంటే..."

హారన్ కొట్టినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. ఇప్పుడు బావ లోడు తనది కాదంటాడు, నేను పొరపాటున తెచ్చానంటాడు, అక్క చెట్టు కాస్తా పోతుంది అనుకున్నాను. అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది.

బావ తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

"గోడకి పనికిరాదండీ. చెట్టుకి పనికొస్తుంది. ఆ సంగతి నాకు తెలీదు. మా ఆవిడకి తెలుసు," అన్నాడు, వీధంతా వినేలా.

అక్క గుమ్మం దిగి లోడు దగ్గరికి వచ్చింది. నేను ఇంజను ఆపడం కూడా మర్చిపోయాను.

ఆ రోజే వేళ్ళు తెగకుండా బావ ఇసుకంతా చేతులతో తీశాడు. అక్క చెప్పిన పాళ్ళలో మట్టీ, పశువుల ఎరువూ, ఎండుటాకులూ కలిపాడు. తాపీ ముట్టుకోబోతే అక్క చేతి మీద ఒక్కటిచ్చింది. చెట్టు నెల రోజులు కర్రలా నిలబడింది. అక్క రోజూ గోటితో బెరడు గీకి, ఇంకా పచ్చగానే ఉందని చెప్పేది. తర్వాత ఓ రోజు కణుపు దగ్గర ఆవగింజంత చిగురు కనిపించింది. బ్యాంకు ఆఫీసరు అంతస్తు పని కూడా బావకే ఇచ్చాడు.

రెండో ఏడు ఎండాకాలం బావ కబురు పెట్టాడు. వెళ్తే, నా చేతిలో నిమ్మరసం పెట్టాడు, ఆ గాజు గ్లాసులోనే. నేను దాన్ని ఎండకి ఎత్తి, ఓ కన్ను మూసి చూశాను. అడుగున కరగని పంచదార, రెండు గింజలు.

"ఇది నిమ్మరసమా, బురదగుంటా? తీసుకుపో బావా, లోడు వెనక్కి!"

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది. బావ గ్లాసు లాక్కుని, వేలితో కలిపి, మళ్ళీ నా చేతిలో పెట్టాడు.

"ముందు తాగరా," అన్నాడు. "చెట్టుని డబ్బాలో ఏడు ఇళ్ళకి మోశావు. మొదటి కాయ నీకేనంది మీ అక్క."