మొద్దుబారిన చాకులు

మా ఆయన పోయాక కొన్నాళ్లు మేము ఇంట్లో కూర వండలేదు. మేమంటే నేను, మా అత్తమ్మ. మాకు పిల్లలు లేరు. అశోక్‌నగర్‌లో రెండో అంతస్తు ఫ్లాట్‌లో ఇద్దరం మిగిలాం.

ఆయన ఒక మామూలు మంగళవారం ఆఫీసు మెట్ల మీద కూలబడిపోయారు. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి అయిపోయింది. కర్మలయ్యాయి, చుట్టాలు వెళ్లిపోయారు, నేను మళ్లీ కాలేజీకి వెళ్లడం మొదలుపెట్టాను. నారాయణగూడలో ఒక ప్రైవేటు కాలేజీలో కామర్స్ చెబుతాను. ఎవరైనా పలకరిస్తే బాగానే ఉన్నాననేదాన్ని. అబద్ధం కాదు. బాగా లేనని చెప్పడానికి కూడా ఏదో ఒకటి తెలియాలి కదా, నాకేమీ తెలిసేది కాదు.

సాయంత్రం కాలేజీ నుంచి వస్తూ మా వీధి చివర కర్రీ పాయింట్ దగ్గర ఆగేదాన్ని. పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లల మధ్య లైనులో నిలబడి ఒక కూర, ఒక పప్పు ప్యాకెట్లు తెచ్చేదాన్ని. ఇంట్లో అత్తమ్మ అన్నం ఒక్కటి వండి ఉంచేది. ఇద్దరం టీవీ ముందు కూర్చుని తినేవాళ్లం. ఏం కూర తిన్నామో చెయ్యి కడుక్కునేసరికి గుర్తుండేది కాదు.

అత్తమ్మది తెనాలి పక్క. పెళ్లయి చిక్కడపల్లి వచ్చింది, ఇక్కడే వయసు పైబడింది, మాట మాత్రం ఇప్పటికీ ఆ ఊరిదే. నేను రాంనగర్‌లో పుట్టి పెరిగినదాన్ని. కొత్తలో నన్ను "అత్తయ్యగారూ" అనమని ఎవరో నేర్పబోయారు. నా నోటికి పట్టలేదు. అత్తమ్మ అనే పిలిచాను, ఆమె కూడా ఏమీ అనుకోలేదు. మేమిద్దరం పోట్లాడుకున్నది లేదు, దగ్గరగా కూర్చుని మాట్లాడుకున్నదీ లేదు. మాటలు ఏవైనా ఉంటే ఆయన మధ్యలో ఉండేవారు.

ఒకరోజు అత్తమ్మకు కడుపులో మంట వచ్చింది. ఆ నూనెలు పడటం లేదంది.

"రేపటి నుంచి ఇంట్లోనే ఏదో ఒకటి చేసుకుందామమ్మా. బీరకాయ తీసుకురా," అంది.

చిక్కడపల్లి మార్కెట్‌కు వెళ్లి బీరకాయలు, టమాటాలు, ఉల్లిగడ్డలు తెచ్చాను. అత్తమ్మకు మోకాళ్లు పోయిన తర్వాత కత్తిపీట అటక ఎక్కింది. కింద కూర్చుంటే లేవలేదు. వంటగట్టు దగ్గర ఎత్తు స్టూలు మీద కూర్చుని చాకుతో తరుగుతుంది. ఆ రోజు టమాటా మీద చాకు పెట్టి నొక్కితే తోలు లోపలికి పోయింది గానీ తెగలేదు. ఇంకా నొక్కితే రసం చిమ్మి ఆమె చీర మీద పడింది. రెండో చాకు తీసింది. అదీ అంతే.

"పదును పోయాయి," అంది. చాకు పక్కన పెట్టేసింది.

ఇంట్లో చాకులకు పదును పెట్టేది ఆయనే. ఆదివారం టిఫిన్ అయ్యాక పాత టవల్ తడిపి గట్టు మీద పరిచి, దాని మీద సానరాయి పెట్టి, నిదానంగా చాకులన్నీ నూరేవారు. ఎవరూ చెప్పకుండా ఆయన చేసే ఇంటి పని అదొక్కటే. ఆ రాయి ఆయన పనిముట్ల సంచిలో ఉండేది. కర్మలు అయ్యాక ఆ సంచిని మా అపార్ట్‌మెంట్‌లో కరెంటు పనులు చేసే అతనికి ఇచ్చేశాను. ఇచ్చేటప్పుడు రాయి సంగతి తట్టలేదు. తట్టినా ఇచ్చేసేదాన్నే.

కొన్నాళ్లు ఆ మొద్దు చాకులతోనే నెట్టుకొచ్చాం. బీరకాయను నరకడమే గానీ తరగడం లేదు. ఉల్లిగడ్డ అయితే మరీ కష్టం. మొద్దు చాకు కింద అది తెగదు, నలుగుతుంది. నలిగితే ఘాటు ఎక్కువ. ఒక పొద్దున మేమిద్దరం ఉల్లిగడ్డలతో తంటాలు పడుతుంటే ఎదురింటావిడ పెరుగు తోడు కోసం వచ్చింది. మా ఇద్దరి కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి. ఆమె గిన్నె పక్కన పెట్టి నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఏడ్వు అక్కా. ఏడిస్తేనే మంచిది. ఇన్ని దినాలు గట్ల బిగబట్టుకొని ఉంటే ఎట్ల?" అంది. ఆమె కూడా కళ్లు తుడుచుకుంది.

నేను అత్తమ్మ వైపు చూశాను. అత్తమ్మ నా వైపు చూసింది. ఉల్లిగడ్డ అని ఇద్దరిలో ఎవరమూ చెప్పలేదు. ఆమె తోడు తీసుకుని వెళ్లాక అత్తమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, "ఈ చాకుల సంగతి ఏదన్నా చూడమ్మా," అంది.

మర్నాడు కాలేజీ అయ్యాక నారాయణగూడ ఫ్లైఓవర్ పక్కన ఉన్న స్టీలు సామాన్ల దుకాణానికి వెళ్లాను. చాకులకు పదును పెట్టేది కావాలని అడిగితే అతను కౌంటర్ మీద మూడు రకాలు పెట్టాడు. ఒకటి ప్లాస్టిక్ పిడి, రెండు గాళ్లు ఉన్నది. గాడిలో చాకు పెట్టి లాగాలి. రెండోది ఉక్కు కడ్డీ, హోటళ్లలో వంటవాళ్లు వాడేలాంటిది. మూడోది రాయి, ఒక వైపు ముతక, ఒక వైపు నునుపు.

"ఏది మంచిది అన్నా?" అన్నాను.

"ఏం చెప్పాలె మేడమ్. మా ఇంట్ల అయితే చాకు మొద్దైతే కొత్తది తీస్కపోత," అని నవ్వాడు. "అందరు గీ గాళ్లదే తీస్కపోతరు. పరేషాన్ లేదు. నాలుగుసార్లు గుంజితే అయిపోతది. రాయి అంటే జర నేర్చుకోవాలె."

నేర్చుకోవాలి అన్న మాట విన్నాక రాయి వైపు చూడలేదు. అప్పట్లో నాకు ఏదీ ఆలోచించి ఎంచుకునే ఓపిక లేదు. కాలేజీకి ఏ చీర కట్టాలన్నా చేతికి మొదట తగిలింది కట్టుకుపోయేదాన్ని. గాళ్లున్నదే తెచ్చుకున్నాను.

మొదట్లో బాగానే పని చేసింది. గాడిలో పెట్టి లాగితే కరకరమని చప్పుడు వచ్చేది, నల్లటి పొడి రాలేది, చాకు తెగేది. కానీ పదును నిలిచేది కాదు. మళ్లీ లాగాల్సి వచ్చేది. లాగినకొద్దీ అంచు రంపంలా అయింది. దొండకాయ ముక్కలకు పీచులు వేలాడేవి. కిటికీ దగ్గర వెలుతురులో పట్టి చూస్తే అంచు పొడవునా చిన్న చిన్న గండ్లు కనిపించాయి. ఆ గాడి అంచును నూరడం లేదు, గీకి పారేస్తోంది. ఇలాగే వదిలేస్తే చాకు సగానికి అరిగిపోతుందని నాకు కూడా అర్థమైంది.

మళ్లీ అదే దుకాణానికి వెళ్లి రాయి అడిగాను. అతను కాగితంలో చుట్టి ఇచ్చాడు.

ఆదివారం పొద్దున ఫోన్‌లో వీడియో పెట్టుకుని మొదలుపెట్టాను. రాయిని నీళ్లల్లో నానబెట్టి, బుడగలు రావడం ఆగాక తీసి, తడి టవల్ మీద పెట్టాను. చాకును రాయి మీద పడుకోబెట్టకూడదు, నిలబెట్టకూడదు. వెనక వైపు రెండు రూపాయి బిళ్లలు దూరేంత ఎత్తులో పట్టుకోవాలి. మొన నుంచి పిడి దాకా ఆ ఎత్తు మారకూడదు. చెప్పడం తేలిక. నా చెయ్యి మారుతూనే ఉంది. ఎక్కడో ఒకచోట అంచు రాయిలో గుచ్చుకుని కీచుమనేది.

అత్తమ్మ హాల్లో పేపరు చదువుతోంది. రెండు పేజీలు తిప్పింది. తర్వాత అక్కడి నుంచే, "అంత గట్టిగా నొక్కకు," అంది.

నేను ఆగాను.

"వాడు చేసేటప్పుడు అంత చప్పుడు వచ్చేది కాదు. పక్క గదిలో ఉంటే వినపడీ వినపడనట్టు ఉండేది."

ఆయన గురించి ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. అన్ని నెలల్లో మేమిద్దరం ఆయన పేరు ఎత్తలేదు. ఎత్తకూడదని అనుకున్నది కాదు, అలా జరిగిపోయింది. నా గుండెలో ఏదైనా కదులుతుందేమోనని చూసుకున్నాను. ఏమీ కదల్లేదు. చెయ్యి తేలిక చేసి మళ్లీ మొదలుపెట్టాను.

"ఇట్లనా అత్తమ్మ?"

"ఇంకొంచెం తగ్గించు."

ఆమె పేపరు మడిచి వచ్చి స్టూలు మీద కూర్చుంది. రాయి వైపు కూడా చూడలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ వింటోంది. చప్పుడు పెరిగితే తల అడ్డంగా ఊపేది. కొంతసేపటికి ఊపడం మానేసింది. అంచు మీద బొటనవేలు అడ్డంగా జరిపి చూస్తే రెండో వైపున సన్నగా, గరుకుగా పొరలాగా తగిలింది. అది తగిలితే చాకు తిప్పి రెండో వైపు నూరాలని వీడియోలో చెప్పారు. తిప్పాను. చివరికి నున్న వైపు నూరి, కడిగి, తుడిచి ఆమె చేతికి ఇచ్చాను.

ఆమె టమాటా తీసుకుని దాని మీద చాకు పెట్టింది. నొక్కలేదు, వెనక్కి లాగింది. ముక్క పలచగా గట్టు మీద పడింది. ఇంకొకటి, ఇంకొకటి కోసింది. అవసరం లేకపోయినా టమాటా మొత్తం కోసింది.

"తెగుతోంది," అంది.

ఆ తర్వాత తరుగుడంతా ఆమే చేసేది. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి గోరుచిక్కుళ్లు, బెండకాయలు సన్నగా తరిగి పళ్లెంలో ఉండేవి. ఒకరోజు వచ్చేసరికి ఆమె ఎడమ చేతి చూపుడు వేలికి గుడ్డ చుట్టి ఉంది.

"ఏమైంది అత్తమ్మ?"

"తెగింది. మొద్దు చాకుకు అలవాటుపడ్డ చెయ్యి కదా, ఎక్కువ నొక్కాను."

గుడ్డ విప్పి చూస్తే పెద్ద గాయమేమీ కాదు. మందు రాసి పట్టీ వేశాను. అంతటితో అయిపోయేదే. కానీ ఆ సాయంత్రం విశాఖపట్నం నుంచి మా ఆడపడుచు వీడియో కాల్ చేసింది. అమ్మ వేలికి పట్టీ చూసింది. ఆ వారమే రైలెక్కి వచ్చేసింది.

వచ్చిన రోజే వంటింట్లోకి వెళ్లి చాకు అంచు మీద గోరు ఆనించి చూసి వెనక్కి తీసుకుంది.

"ఇంత పదునా వదినా? డెబ్బై దాటిన మనిషి చేతికి ఇది ఎలా ఇచ్చావు?"

"కూరగాయలు ఆమెనే తరుగుతది," అన్నాను.

"నువ్వు కాలేజీకి వెళ్లిపోతే రోజంతా ఒక్కతే. ఏదన్నా అయితే చూసేదెవరు? అన్నయ్య ఉన్నప్పుడు వేరు. అమ్మను నాతో తీసుకెళ్లిపోతాను. నువ్వేమీ అనుకోకు."

నేనేమీ అనుకోలేదు. అదే నిజం. వద్దనాలనీ అనిపించలేదు, సరే అనాలనీ అనిపించలేదు. ఆమె కూతురు, తీసుకెళ్లడానికి హక్కుంది. నేను లోపలికి వెళ్లి అల్మారాలోంచి అత్తమ్మ చీరలు తీసి మంచం మీద పెట్టడం మొదలుపెట్టాను. మందుల డబ్బా, కళ్లద్దాల కవరు, దుప్పటి. ఈ గది ఖాళీ అయితే ఏం చెయ్యాలో ఆలోచిద్దామనుకున్నాను. ఆలోచన రాలేదు. చీర మడత విప్పి మళ్లీ మడతపెట్టాను.

అత్తమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వెనకాల ఆడపడుచు ఉంది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"మీ బట్టలు సర్దుతున్న."

"ఎవరు సర్దమన్నారు?"

ఆడపడుచు అందుకుంది. "నేనే అమ్మా. మా ఇంటికి వెళ్దాం. అక్కడ వంటమనిషి ఉంది. నువ్వు ఒక్క పనీ చెయ్యక్కర్లేదు. హాయిగా కూర్చో."

"అదేనే," అంది అత్తమ్మ. "మీ ఇంట్లో నన్ను వంటింట్లోకి రానివ్వరు. పోయినసారి ఉన్నన్నాళ్లూ బాల్కనీలో కూర్చున్నాను. ఇప్పుడు అలా కూర్చుంటే వాడే గుర్తొస్తాడు. ఇక్కడైతే పొద్దున్నే కూరగాయలుంటాయి. తరుగుతూ కూర్చుంటే పదకొండయిపోతుంది."

"వేలు తెగిందిగా అమ్మా."

"తెగితే పట్టీ వేసింది కదా."

ఆడపడుచు నా వైపు చూసింది, నేనేదన్నా అంటానేమోనని. నేను చేతిలో చీర మంచం మీద పెట్టాను.

"ఉండనీ," అన్నాను. "నాకు గూడ బీరకాయ తరుగుడు రాదు."

అది నిజం కాదని ముగ్గురికీ తెలుసు. ఆడపడుచు మంచం అంచున కూర్చుని కాసేపు ఏడ్చింది. అన్నయ్య కోసమో, అమ్మ కోసమో నాకు తెలియదు. అత్తమ్మ ఆమె వీపు నిమురుతూ నిలబడింది. నేను చీరలు మళ్లీ అల్మారాలో పెట్టాను.

రెండు రోజులుండి ఆడపడుచు వెళ్లిపోయింది. వెళ్లేముందు అత్తమ్మకు కళ్లద్దాలు కొత్తవి చేయించాలని నాకు చెప్పింది. చేయించాను.

సోమవారం నుంచి అత్తమ్మ నాకు డబ్బా కట్టడం మొదలుపెట్టింది. అన్నం, దొండకాయ వేపుడు. మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో కిటికీ పక్కన కూర్చుని మూత తీశాను. నాలుగు ముద్దలు తిన్నాక ఏదో తేడాగా ఉంది. ఏమిటా అని ఇంకో ముద్ద పెట్టుకుని చూశాను. ఉప్పు తక్కువైంది. పక్క టేబుల్ దగ్గరికి వెళ్లి తోటి లెక్చరర్‌ను పచ్చడి అడిగి తెచ్చుకుని కలుపుకుని డబ్బా మొత్తం తిన్నాను.

సాయంత్రం చెప్పులు విప్పుతూ, "దొండకాయల ఉప్పు తక్కువైంది అత్తమ్మ," అన్నాను.

ఆమె కొత్త కళ్లద్దాల పైనుంచి నన్ను చూసింది.

"అవునా? మొన్నటి నుంచీ తక్కువే వేస్తున్నానే, బీపీ అని. నువ్వేమీ అనలేదుగా."

"ఇయ్యాలనే తెలిసింది."

"సరే, రేపు నీకు విడిగా తీస్తాలే," అని టీ పెట్టడానికి లేచింది.