తూర్పు పక్కింట్లో ఎర్ర బూట్లు

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్లు మంట. నమ్మకపోవడం అటుంచి, నమ్మేవాళ్లతో పనిగట్టుకుని పోట్లాడే రకం నేను. ఉద్యోగం కూడా దానికి తగ్గట్టే దొరికింది. మెల్‌బోర్న్‌లో ఒక ఆస్పత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తాను. ట్యూబ్ మీద పేరు లేకపోతే అది ఎంత గొప్పవాళ్ల రక్తమైనా సరే, పక్కన పడేస్తాం. అలాంటిదాన్ని ఇది రాస్తున్నాను. చదివాక మీరేమనుకున్నా నాకు పరవాలేదు.

మేం ఊరి శివార్లలో క్రాన్‌బర్న్‌లో ఉంటాం. నేను, మా ఆయన, పదమూడేళ్ల కూతురు నిత్య, మా అత్తయ్య. అత్తయ్యది కాకినాడ. మామయ్య పోయాక మాతోనే ఉంటున్నారు.

అత్తయ్యకు తోడబుట్టింది ఒక్క చెల్లెలే. ఆవిడ శాన్‌ఫ్రాన్సిస్కోలో కూతురు మాధవి దగ్గర ఉండేవారు. నేను చిన్నత్తయ్య అనేదాన్ని. అక్కాచెల్లెళ్లు ఒకరినొకరు చూసుకుని ఏళ్లు గడిచిపోయాయి. ఫోన్లో మాత్రం రోజూ పోట్లాటే. పులిహోరలో ఇంగువ ఎప్పుడు వెయ్యాలన్న దాని మీద ఒక వారమంతా మాట్లాడుకోవడం మానేశారంటే అర్థం చేసుకోండి.

చిన్నత్తయ్యకు కిడ్నీలు పాడై చాలాకాలంగా డయాలసిస్ జరుగుతోంది. ఈ ఏడు మొదట్లో గుండె కూడా బలహీనపడిందన్నారు. "ఒక్కసారి దాన్ని కళ్లారా చూసొస్తే చాలు నాకు" అన్నారు అత్తయ్య. ఆ మాటతోనే మా ప్రయాణం ఖాయమైంది.

జులైలో స్కూలు సెలవులకి టికెట్లు కొన్నాం. నిత్య రోజుకో కొత్త వీడియో చూసి కేబుల్ కారనీ, పెద్ద వంతెననీ, సముద్రం మధ్య జైలనీ గొడవ పెట్టేది. అక్కడ జులైలో కూడా పొగమంచు, చలి అని చదివి నేను స్వెట్టర్లు తీశాను. అత్తయ్యకు ఇవేవీ పట్టలేదు.

"ఆ వంతెన చూసి నేనేం చేసుకుంటానమ్మా శైలజా? దాని మంచం పక్కన ఒక కుర్చీ వెయ్యమను, చాలు" అనేవారు.

మా ముగ్గురివీ ఆస్ట్రేలియా పాస్‌పోర్టులు కనుక మాకు ఇబ్బంది లేదు. అత్తయ్యది ఇండియా పాస్‌పోర్టు. వీసా ఇంటర్వ్యూ అయితే అయింది గానీ పాస్‌పోర్టు తిరిగి రావాల్సి ఉంది. వచ్చేస్తుందిలే అనుకున్నాం.

మాధవి వాళ్లిల్లు ఊరికి పడమటి కొసన, సముద్రానికి దగ్గర. కింద గరాజ్, పైన ఇల్లు, వీధంతా ఏటవాలు. ఎప్పుడూ చెప్పులేసుకునే అత్తయ్య అక్కడ నడవలేరని బూట్లు కొనడానికి తీసుకెళ్లాను. నల్లవి చూపిస్తే వద్దన్నారు. తెల్లవీ వద్దన్నారు. చివరికి, డెబ్బై దాటిన మనిషి, కుంకుమలాంటి ఎర్ర బూట్లు పట్టుకుని వదల్లేదు.

"దే లుక్ సో కూల్, బామ్మా" అంది నిత్య.

అత్తయ్యకు సిగ్గు ముంచుకొచ్చింది. "మా చెల్లితో మాత్రం అనకండే. బతికినన్నాళ్లూ ఏడిపిస్తుంది. అక్కడికెళ్లాక ఎలాగూ చూస్తుంది" అని మా అందరి చేతా ఒట్టు వేయించుకున్నారు. ఫొటో కూడా తియ్యనివ్వలేదు.

తర్వాత పంచాంగం దగ్గర చిక్కొచ్చింది. మేం బయల్దేరే రోజు మంచిది కాదట. జూన్‌లో ఒక గురువారం మాత్రం దివ్యంగా ఉందట. అయితే ప్రస్థానం పెట్టేద్దాం అన్నారు అత్తయ్య. అంటే మంచి ముహూర్తానికి మనం కదలలేకపోతే, మన సంచి ఒకటి ప్రయాణం చేసే దిక్కున మరొకరింట్లో పెడతారు. తర్వాత ఎప్పుడు బయల్దేరినా ఆ సంచి తీసుకునే వెళ్లాలి. మధ్యలో దాన్ని ఇంటికి తేకూడదు.

"ముహూర్తానికి సంచి కదిలితే మనిషి కదిలినట్టే" అన్నారు అత్తయ్య.

"అయితే ఎయిర్‌లైన్స్ వాళ్లకి సంచి టికెట్ చాలునా అత్తయ్యా?" అని నేను వేళాకోళం చేశాను. "నీ మొహం" అన్నారు.

దిక్కు దగ్గర ఇంకో తమాషా. కాకినాడలో ఉన్నన్నాళ్లూ అమెరికా అంటే పడమరే. ఇక్కడి నుంచి అది తూర్పు. గ్లోబు తిప్పి చూపిస్తే గానీ నమ్మలేదు. మాకు తూర్పు పక్కింట్లో ఉండేది జోన్, ఒంటరిగా ఉండే పెద్దావిడ. మా ఆయన ఏదో లక్ కోసమని ఆవిడకు సర్ది చెప్పారు. "నో వర్రీస్, లవ్" అంటూ ఆవిడ సంచిని తన లాండ్రీ గదిలో వాషింగ్ మెషిన్ పక్కన పెట్టుకుంది. సంచిలో ఒక కొత్త చీర, పసుపు గుడ్డలో కాసిని బియ్యం, నేల తగలని ఆ ఎర్ర బూట్లు. సర్దింది నేనే.

పాస్‌పోర్టు రాలేదు. అవతల చిన్నత్తయ్య డయాలసిస్ తట్టుకోలేకపోతున్నారని ఆపేశారు. ఇంక రోజుల్లోనే అని మాధవి ఏడ్చింది. అత్తయ్య అన్నం ముందు కూర్చుని లేచిపోయేవారు. రోజూ వీసా వెబ్‌సైటు తెరిచి చూడటం తప్ప నేను చెయ్యగలిగిందేమీ లేకపోయింది.

ఒక శనివారం పొద్దున వంటింట్లో నా ఎదురుగా కూర్చుని అత్తయ్య మెంతికూర వలుస్తున్నారు. కట్ట చేతిలో ఉండగానే కునుకు పట్టింది. రాత్రంతా నిద్ర లేదుగా అని నేను లేపలేదు. పొయ్యి దగ్గరే ఉన్నాను, ఆవిడ కుర్చీలోంచి కదల్లేదు. ఇది మాత్రం ఎవరడిగినా గట్టిగా చెప్తాను.

మధ్యాహ్నం మాధవి వీడియో కాల్ చేసింది. వాళ్లకింకా శుక్రవారం రాత్రి. చిన్నత్తయ్య మొహం వాడిపోయి ఉంది గానీ కళ్లలో పాత కొంటెతనం ఉంది.

"ఎంత అమెరికా అయితే మాత్రం బూట్లతో మంచం దాకా వచ్చేస్తావా అక్కా? అవెక్కడివి, పెళ్లికూతురిలా ఎర్రబూట్లు? సాయంత్రమంతా నవ్వుకుంటూనే ఉన్నాను" అన్నారు.

మందుల మత్తులో మాట్లాడుతున్నారని మాధవి సైగ చేసింది. అత్తయ్య మాత్రం, "పొరపాటయిందే. ఈసారి విప్పే వస్తాలే" అన్నారు. ఆ గొంతు నాకింకా వినిపిస్తుంది.

ఫోన్ పెట్టేశాక అత్తయ్య, బూట్ల సంగతి ఎవరు చెప్పారని మమ్మల్ని ముగ్గుర్నీ వరసగా అడిగారు. ఎవరం చెప్పలేదు. నిత్య ఎప్పుడూ లేనంత కోపంగా, "ఐ ప్రామిస్డ్, బామ్మా" అంది. మాధవిని అడిగితే బూట్ల సంగతే తెలియదంది. వాళ్ల సాయంత్రమంటే మాకు శనివారం పొద్దున. నేను పొయ్యి దగ్గర నిలబడ్డ వేళ.

సోమవారం చిన్నత్తయ్య పోయారు. ఆ తర్వాత అత్తయ్య పాస్‌పోర్టు వచ్చింది, వీసాతో సహా.

టికెట్లు రద్దు చేసి, సంచి తెద్దామని నేనే జోన్ ఇంటికి వెళ్లాను. ఆవిడ సంచి ఇస్తూ, శనివారం బట్టలు ఉతకబోతే ఇది కనపడలేదనీ, మేమే పట్టుకెళ్లామనుకుందనీ, మర్నాటికి మళ్లీ అక్కడే ఉందనీ మామూలుగా చెప్పింది. వెనక తలుపు తాళం వేసే అలవాటు ఆవిడకు లేదు. అదీ చెప్తున్నాను, దాచడం ఎందుకు.

ఇంటికొచ్చి సంచి విప్పాను. చీర మడత నలగలేదు. బియ్యం ముడి వేసింది వేసినట్టే ఉంది. బూట్ల అడుగున గీతల్లో బూడిదరంగు తడి ఇసుక ఉంది.

ఆ ఇసుక కాస్త ల్యాబ్‌కి తీసుకెళ్లి మైక్రోస్కోప్ కింద పెట్టాను. ఇసుక ఇసుకలాగే కనపడింది. మా క్రాన్‌బర్న్ నేల కూడా ఇసుక నేలే. పిల్లలెవరైనా ఆ బూట్లు తీసి ఆడుకుని మళ్లీ పెట్టేసి ఉండొచ్చని మా ఆయన అన్నారు. ఉండొచ్చు. మరి చిన్నత్తయ్యకు వాటి రంగు ఎవరు చెప్పినట్టు?

అత్తయ్యకు చూపించాలా వద్దా అని మథనపడి, చివరికి చూపించాను. కాస్త ఊరట కలుగుతుందనుకున్నాను. బూట్లు ఒళ్లో పెట్టుకుని, అడుగున వేలితో రాసి చూసుకున్నారు.

"ఆ పొద్దున కునుకులో ఏమైనా కనపడిందా అత్తయ్యా?" అని అడిగాను.

తల అడ్డంగా ఊపారు. "ఏమీ లేదమ్మా. చీకటే. అది నన్ను చూసింది, నవ్వుకుంది, తిట్టింది కూడానూ. నేను దాన్ని చూడలేదే" అని చిన్నపిల్లలా ఏడ్చారు. నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను.

ఆ బూట్లు ఇప్పుడు అత్తయ్య మంచం కింద ఉన్నాయి. తొడుక్కోరు, కడగనివ్వరు. ఇది ఎలా జరిగిందో నాకు తెలియదు, తెలుస్తుందన్న ఆశా లేదు. ఎలాగూ జరిగినప్పుడు, వెళ్లొచ్చిన మనిషికి చెల్లెలి మొహం ఒక్క క్షణమైనా ఎందుకు గుర్తుండలేదో, నాకు అదొక్కటి ఎవరైనా చెప్తే బాగుండును.